ఈతలో వేగం: కొత్తగా నేర్చినవారికి పన్నెండు వారాల సులభ సాధన

ఈత నేర్చుకొన్న కొత్తలో ప్రతివారికీ ఒక ఆశ పుడుతుంది. కొలనులో ఈ గట్టు నుండి ఆ గట్టుకు ఎలాగో చేరడం అలవాటైన మరునాటి నుండే, ఇంకొంచెం వేగంగా పోవాలని మనస్సు తొందరపెడుతుంది. ఆ ఆశ తప్పు కాదు. అయితే దానిని తీర్చుకొనే మార్గం తెలియక అనేకులు రొప్పుతూ, భుజాలు నొప్పి చేసుకొని, చివరకు ఈతనే మానుకొంటున్నారు. నేనూ ఒకనాడు ఆ స్థితికి వచ్చినవాడనే. నలభై ఆరవ ఏట ఈత సాధన మొదలుపెట్టిన నా అనుభవాన్ని, వ్యాయామం గురించి ఆయుర్వేదం చెప్పిన నియమాలను, శిక్షకుని వద్ద నేర్చిన పాఠాలను కలిపి ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాను.

నేను ఉపాధ్యాయుడను. ఇరవై ఏళ్ళకు పైగా నిలబడి పాఠాలు చెప్పడం వల్లనైతేనేమి, శరీరం బరువెక్కడం వల్లనైతేనేమి, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నడక వ్యాయామం కష్టమైంది. నన్ను పరీక్షించిన వైద్యుడు ఈత కొట్టమని సలహా ఇచ్చారు. నీటిలో శరీరం తేలుతుంది కనుక కీళ్ళ మీద బరువు తగ్గుతుందని, గుండెకు, ఊపిరితిత్తులకు మాత్రం చక్కని వ్యాయామం లభిస్తుందని ఆయన వివరించారు. బాల్యంలో మా ఊరి దిగుడుబావిలో నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకొని ఈదినవాడను కనుక ధైర్యంగానే కొలనులో దిగాను. అయితే నాకు వచ్చినది తల పైకెత్తి, కాళ్ళు చేతులు తపతప కొట్టే ఈత మాత్రమే.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నా పక్క వరుసలో పదేళ్ళ బాలుడొకడు నన్ను అవలీలగా దాటిపోయాడు. నాకు పౌరుషం వచ్చింది. శక్తినంతా కూడదీసి వాని వెంట పడ్డాను. మూడవ సారి కొలను దాటుతుండగా, కాలికి నేల అందని చోట, ఒక్కసారిగా ఊపిరి అందలేదు. నోరు తెరిస్తే నీరు లోపలికి పోయింది. చేతులు బరువెక్కాయి. కాపలా ఉన్న కుర్రవాడు చూసి పొడవాటి కర్ర అందించకపోతే ఏమయ్యేదో చెప్పలేను. గట్టు మీద కూర్చొని ఉన్న మా అమ్మాయి ఆ దృశ్యమంతా చూసింది. ఇంటికి వచ్చేదాకా నా చేయి విడవలేదు. ఆ రాత్రి నా శ్రీమతి, "ఈ వయస్సులో మనకు పందేలు ఎందుకండీ, మానెయ్యండి" అన్నది. మానడమా, లేక ఈదే తీరు మార్చుకోవడమా అని రెండు రోజులు ఆలోచించాను. మూడవ రోజు శిక్షకుని వద్దకు వెళ్ళి జరిగినది చెప్పాను.

ఆయన నాకంటే వయస్సులో చిన్నవాడు. నన్ను ఒకసారి ఈదించి చూసి, "మాస్టారూ, మీకు బలం తక్కువ కాలేదు. మీ బలమంతా తల ఎత్తడానికి, కాళ్ళు తన్నుకోవడానికి పోతున్నది. ముందుకు పోవడానికి మిగిలేది కొంచెమే. ముందు ఆ వృథా మానండి, వేగం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఈ వ్యాసంలో ఇకముందు నేను చెప్పబోయేదంతా ఆ మాటకు వివరణ మాత్రమే.

వేగానికి అడ్డు ఏది?

నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కనుక నేల మీద పరుగెత్తేవానికి గాలి చేసే అడ్డు ఎంత స్వల్పమో, ఈతగానికి నీరు చేసే అడ్డు అంత అధికం. పైగా వేగం పెరిగినకొద్దీ ఈ అడ్డు అదే పాళ్ళలో పెరగదు. వేగం రెట్టింపైతే నీటి అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆ వేగాన్ని నిలుపుకొనడానికి శరీరం సెకనుకు ఖర్చు చేయవలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లకు చేరుతుంది. బలం పెంచి వేగం సంపాదించాలనుకొనేవాడు త్వరగా అలసిపోవడానికి కారణం ఇదే. శరీరాన్ని నీటిలో తిన్నగా, సన్నగా ఉంచి అడ్డు తగ్గించుకొన్నవానికి ఉన్న బలంతోనే వేగం పెరుగుతుంది.

ప్రపంచ ప్రసిద్ధ ఈతగాళ్ళలోనూ ఈ సత్యం కనిపిస్తుంది. 1992లో బార్సిలోనాలోను, 1996లో అట్లాంటాలోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలు రెండింటిలోనూ స్వర్ణపతకాలు గెలిచిన రష్యా దేశీయుడు అలెగ్జాండర్ పొపోవ్ ఈతలో తొందర కనిపించేది కాదు. పొడవైన, నెమ్మదైన బారలతో ఈదుతూనే ఆయన ముందుండేవారు. వయస్సు మించిందని సందేహించేవారికి మరొక ఉదాహరణ చెబుతాను. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నలభై ఏళ్ళు దాటిన తర్వాత ఈత నేర్చుకొని, 2021 మార్చిలో శ్రీలంకకు, మన దేశానికి నడుమ ఉన్న పాక్ జలసంధిని ఈదారు. మనకు అంతటి సాహసాలు అవసరం లేదు. క్రమంగా సాధన చేస్తే నడివయస్సు శరీరం కూడా నేర్చుకొంటుందని గ్రహిస్తే చాలు.

అర్ధశక్తి నియమం

వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని వృద్ధి, కొవ్వు కరగడం అనే లాభాలు కలుగుతాయని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. అయితే ఆ వెంటనే ఒక హద్దు కూడా విధించాడు. బలవంతులు, స్నిగ్ధాహారం తీసుకొనేవారు సైతం శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని, తక్కిన ఋతువులలో ఇంకా తక్కువ చేయవలెనని ఆయన అభిప్రాయం. అతిగా చేస్తే దప్పిక, ఆయాసం, బడలిక, దగ్గు, జ్వరం, వాంతి వంటివి కలుగుతాయని హెచ్చరించాడు. అర్ధశక్తికి గుర్తు ఏమిటన్న ప్రశ్నకు సుశ్రుతుడు సమాధానం ఇచ్చాడు. హృదయ స్థానంలోని వాయువు నోటికి చేరడం, అనగా నోటితో ఊపిరి తీయవలసి రావడం దానికి గుర్తు. నుదుట, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం కూడా ఇందుకు గుర్తులే.

నీటిలో ఉన్నవానికి చెమట తెలియదు. ఈత కొట్టేటప్పుడు గాలిని నోటితోనే పీల్చుకొంటాము కనుక ఆ గుర్తూ పనికిరాదు. అందువలన నేను వేరొక గుర్తు పెట్టుకొన్నాను. గట్టు చేరిన తర్వాత ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకగలిగితే శ్రమ హద్దులో ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి తెగిపోతే హద్దు దాటినట్టు. పౌరుషానికి పోయిన నాటి సాయంత్రం నేను ఈ హద్దు దాటి చాలా దూరం పోయాను. నా సాధనలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఈ హద్దులోపలే జరుగుతుంది. వేగం పెరగడానికి ఇదే సరైన దారి అని ఆరంభంలో నేను నమ్మలేదు. అలసిన శరీరం తప్పు భంగిమలనే అభ్యాసం చేస్తుందని, అలవాటైన తప్పును దిద్దడం కష్టమని తర్వాత బోధపడింది.

ఆరు పాఠాలు

ఇక్కడ చెప్పే పద్ధతులు ఫ్రీస్టైల్ అని వ్యవహరించే బారల ఈతకు సంబంధించినవి. కనీసం 25 మీటర్లు సహాయం లేకుండా ఈదగలిగినవారు మాత్రమే వీటిని ఆరంభించవలెను. ఒక్కొక్క పాఠం వశమైన తర్వాతనే తరువాతి దానికి వెళ్ళవలెను.

1. బాణం వలె జారుట: గోడను రెండు పాదాలతో నెట్టి, చేతులు ముందుకు చాచి, ఒక అరచేతి మీద మరొకటి ఉంచి, బాహువులను చెవులకు ఆనించి, ముఖం నీటిలో ఉంచి కదలకుండా జారిపోవలెను. కాళ్ళు కలిపి ఉంచవలెను. ఎక్కడ ఆగారో గట్టు మీద గుర్తు చూసుకొనవలెను. రోజూ ఆరుసార్లు చేస్తే వారం పది రోజులలో జారే దూరం పెరుగుతుంది. కాలు చేయి ఆడించకుండానే దూరం పెరిగిందంటే నీటి అడ్డు తగ్గినదన్నమాట. వేగం అనే విద్యకు ఓనమాలు ఇవే.

2. తల నిలుపుట: చూపు కొలను అడుగున ఉండే గీత మీద ఉండవలెను. ఎదురుగా చూడరాదు. తల ఎత్తితే త్రాసులో ఒక పళ్ళెం లేచినపుడు రెండవది దిగినట్లు తుంటి, కాళ్ళు క్రిందికి దిగుతాయి. అప్పుడు మనిషి నీటిలో ఏటవాలుగా నిలబడి ఈదినట్టవుతుంది. బావి ఈత నేర్చిన మా తరానికి ఇది అన్నిటికంటే కష్టమైన పాఠం. ముఖం ముంచడానికి భయం ఉన్నవారు మొదట లోతు లేని చోట నిలబడి, గట్టు పట్టుకొని అలవాటు చేసుకొనవలెను.

3. గాలి విడుచుట: కొత్తవారు నీటిలో ఊపిరి బిగబట్టి, ముఖం పైకి వచ్చినప్పుడు గాలి విడవడం, పీల్చడం రెండూ ఒకేసారి చేయబోతారు. దానికి సమయం చాలదు. ఊపిరితిత్తులలో నిలిచిన బొగ్గుపులుసు వాయువు వల్ల ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కనుక ముఖం నీటిలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలుగా గాలిని నెమ్మదిగా విడుస్తూనే ఉండవలెను. ముఖం పక్కకు తిరిగినప్పుడు పీల్చడం ఒక్కటే పని. తలను పైకి ఎత్తరాదు. శరీరంతో పాటు పక్కకు దొర్లించవలెను. ఒక కన్ను నీటిలో, ఒక కన్ను బయట ఉండేటంత మేరకు తిరిగితే చాలును. నాటి సాయంత్రం నన్ను ముంచబోయినది ఈ గాలి విడవని దోషమే.

4. కాళ్ళు ఆడించుట: కదలిక తుంటి నుండి రావలెను. మోకాలు కొద్దిగా మాత్రమే వంగవలెను. సైకిలు తొక్కినట్టు మోకాళ్ళు వంచితే తొడలు నీటికి అడ్డుగోడ అవుతాయి. పాదాలు నీటిని ఎగజిమ్మనవసరం లేదు. చీలమండలు వదులుగా ఉండి, పాదాలు వెనుకకు చాచి ఉండవలెను. చీలమండలు బిగిసిపోయినవారికి ఎంత కాళ్ళాడించినా ఫలం ఉండదు. ఇంటి వద్ద వజ్రాసనంలో ఒకటి రెండు నిమిషాలు కూర్చుంటే చీలమండలు సాగుతాయి. నాలాగా మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వజ్రాసనం జోలికి పోకుండా, కుర్చీలో కూర్చొని పాదాన్ని ముందుకు చాచడం, గుండ్రంగా త్రిప్పడం చేయవలెను.

5. బార వేయుట: చేయి భుజానికి సూటిగా ముందు నీటిలో ప్రవేశించవలెను. తలకు అడ్డంగా రెండవ పక్కకు పోరాదు. చేయి ప్రవేశించగానే లాగడానికి తొందరపడక, ముందుకు పూర్తిగా చాచవలెను. తరువాత మోచేతిని పైననే నిలిపి, అరచేయి, ముంజేయి రెండూ కలిసి తెడ్డు వలె నీటిని వెనుకకు నెట్టవలెను. అరచేయి తొడ పక్కకు వచ్చేదాకా నెట్టి, అప్పుడు బయటకు తీయవలెను. కొత్తవారు పొట్ట దగ్గరకు రాగానే చేయి తీసివేస్తారు. అందువలన బార సగమే అవుతుంది. దీనికి రెండు అభ్యాసాలు ఉన్నాయి. మొదటిది, ముందున్న చేతిని రెండవ చేయి వచ్చి తాకేదాకా చాచి ఉంచి, ఆ తర్వాతనే బార వేయడం. రెండవది, పిడికిళ్ళు బిగించి 25 మీటర్లు ఈదడం. అరచేయి లేనప్పుడు ముంజేయితో నీటిని పట్టడం తెలుస్తుంది. ఆ తర్వాత పిడికిలి విప్పితే చేతికి తెడ్డు దొరికినట్లుంటుంది.

6. దొర్లుట: ప్రతి బారకు భుజాలు, నడుము కలిసి కొద్దిగా పక్కకు దొర్లవలెను. నీటి మీద బోర్లా పరచిన పలక వలె ఉండరాదు. ఇందువలన చేయి దూరం చాస్తుంది. భుజం కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. గాలి పీల్చడానికి ముఖం దానంతట అదే పక్కకు వస్తుంది.

ఒక చిన్న లెక్క

అభివృద్ధి తెలుసుకొనడానికి మా శిక్షకుడు నేర్పిన లెక్క చాలా సులభమైనది. 25 మీటర్లు ఈదడానికి ఎన్ని బారలు వేశామో లెక్కపెట్టవలెను. ఒక్కొక్క చేయి నీటిలో పడినప్పుడల్లా ఒకటిగా లెక్క. ఎన్ని సెకన్లు పట్టిందో గట్టు మీది గడియారంలో చూడవలెను. రెండింటినీ కూడవలెను. ఆ మొత్తం తగ్గితే అభివృద్ధి సాధించినట్లు. బారలు తగ్గి కాలం పెరిగితే మరీ నిదానించామని, కాలం తగ్గి బారలు బాగా పెరిగితే మళ్ళీ నీటితో పెనుగులాట మొదలైందని ఈ లెక్క చెబుతుంది.

మొదటి రోజు నాకు 34 బారలు, 50 సెకన్లు. మొత్తం 84. గట్టు మీద కూర్చొని లెక్క వ్రాసినది మా అమ్మాయే. మొదటి మూడు వారాలలో ఈ సంఖ్య ఏమాత్రం తగ్గలేదు సరికదా, తల దించి ఈదడం అలవాటు లేక ఒకటి రెండు సార్లు పెరిగింది కూడా. పాఠకులు ఈ దశలో నిరాశపడరాదు. ఎవరి సంఖ్య వారిదే. ఎత్తు, చేతుల పొడవు, వయస్సును బట్టి అది మారుతుంది కనుక పక్కవారి సంఖ్యతో పోల్చుకోవడం వలన ప్రయోజనం లేదు.

పన్నెండు వారాల క్రమం

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, అరగంట నుండి నలభై నిమిషాలు చాలును. ప్రతిసారీ మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా ఈది శరీరాన్ని వేడెక్కించవలెను. చివరి ఐదు నిమిషాలు వెల్లకిలా నిదానంగా ఈది చల్లబరచవలెను.

మొదటి మూడు వారాలు: బాణం వలె జారుట, తల నిలుపుట, గాలి విడుచుట అనే పాఠాలు మాత్రమే. తర్వాత 25 మీటర్లు ఎనిమిది సార్లు. ఒక్కొక్కసారికి నడుమ అర నిమిషం నుండి ఒక నిమిషం విశ్రాంతి. వేగం ఊసే వద్దు.

నాలుగు నుండి ఆరు వారాలు: కాళ్ళు, బారలు, దొర్లుట అభ్యాసం. కిక్ బోర్డు అనే తేలే పలక పట్టుకొని 25 మీటర్లు నాలుగు సార్లు కాళ్ళతో, తర్వాత పైన చెప్పిన చేతుల అభ్యాసాలు ఒక్కొక్కటి రెండు సార్లు, ఆ తర్వాత మామూలు ఈత ఆరు సార్లు.

ఏడు నుండి తొమ్మిది వారాలు: లెక్క ప్రారంభించవలెను. 25 మీటర్లు ఎనిమిది సార్లు ఈదుతూ, అదే కాలంలో ఒక్క బార తగ్గించడానికి ప్రయత్నించవలెను. వారానికి ఒక్క బార తగ్గినా చాలును. శ్రమ తోచకపోతే ఒకటి రెండు సార్లు 50 మీటర్లు ఆగకుండా ఈదవచ్చును.

పది నుండి పన్నెండు వారాలు: ఇప్పుడు వేగం. మూడు సార్లు నెమ్మదిగా, నాలుగవ సారి కొంచెం వేగంగా ఈదవలెను. ఇట్లు మూడు ఆవృత్తులు. వేగంగా ఈదిన తర్వాత పూర్తిగా ఒక నిమిషం విశ్రమించవలెను. వేగంగా ఈదేటప్పుడు కూడా బారల సంఖ్య రెండు మూడుకు మించి పెరగరాదు. పెరిగితే ఆ రోజుకు వేగం ఆపి, జారే అభ్యాసానికి తిరిగి రావలెను. భంగిమ చెడిన చోటనే ఆ రోజు మన హద్దు ఉన్నది.

ఆహారం, మర్దనం

కడుపు నిండా భుజించి ఈదరాదు. భోజనానికి, ఈతకు నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉంటే మంచిది. ఉదయం ఈదేవారు ఒక అరటిపండు గాని, పలుచని రాగిజావ గాని అరగంట ముందు తీసుకోవచ్చును. నీటిలో ఉన్నా చెమట పడుతుంది. అది కనిపించదు కనుక దప్పిక తీర్చుకొనడం మరచిపోతాము. ఈత తర్వాత పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, కొంచెం అల్లం రసం కలిపి త్రాగితే దప్పిక, బడలిక తీరుతాయి. మధుమేహం, రక్తపోటు లేనివారు బెల్లం, ఉప్పు కలిపిన నిమ్మనీరు త్రాగవచ్చును. కండరాల పుష్టికి నానబెట్టిన పెసలు, వేరుశనగపప్పు, పాలు, పెరుగు మన ఇళ్ళలో ఉన్నవే.

వ్యాయామం తర్వాత శరీరాన్ని సుఖంగా మర్దించుకొనవలెనని వాగ్భటుడు చెప్పాడు. ఈతగాళ్ళకు ఇది ఎంతో ఉపయోగం. గోరువెచ్చని నువ్వుల నూనెతో రాత్రి పడుకొనేముందు భుజాలను, మెడను, పిక్కలను పది నిమిషాలు మృదువుగా మర్దించి, తర్వాత ఉప్పు మూటతో కాపడం పెడితే బిగువు సడలుతుంది. సెలవు రోజున అభ్యంగన స్నానం చేస్తే మరీ మంచిది. అయితే కొలనుకు వెళ్ళే ముందు మాత్రం ఒంటికి నూనె రాసుకొనరాదు. నీరు మలినమవుతుంది, గట్టు మీద కాలు జారుతుంది. నీటిలో దిగేముందు, బయటకు వచ్చిన తర్వాత మంచినీటితో స్నానం చేయవలెను. జుట్టు పొడిబారితే స్నానం తర్వాత కొద్దిగా కొబ్బరినూనె రాయవచ్చును.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

ముఖ పక్షవాతం, కన్ను, నోరు, చెవి వ్యాధులు, అతిసారం, కడుపుబ్బరం, పీనస, అజీర్ణం ఉన్నవారికి, భోజనం చేసిన వెంటనే స్నానం నిషిద్ధమని అష్టాంగహృదయం చెబుతుంది. ఈతకు కూడా ఇదే వర్తిస్తుంది. విరేచనాలు అవుతున్నవారు కొలనులో దిగితే తమకే కాక ఇతరులకూ హాని చేసినవారవుతారు.

ప్రాణాయామం అభ్యసించే పాఠకులకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. భస్త్రిక, కపాలభాతి వంటివి చేసి వెంటనే నీటిలో మునిగి ఊపిరి బిగబట్టరాదు. వేగంగా గాలి పీల్చి విడవడం వలన రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీయాలన్న కోరిక ఆలస్యంగా పుడుతుంది. ఆ లోపలే మెదడుకు ప్రాణవాయువు చాలక మనిషి ముందస్తు గుర్తు లేకుండానే నీటి అడుగున స్పృహ కోల్పోవచ్చును. కుంభకం ఆసనం మీద కూర్చొని చేయవలసినది. నీటిలో ఎంతసేపు ఉండగలమో పందెం వేసుకొనే పిల్లలను కూడా వారించవలెను.

చెవిలో నీరు చేరితే తల పక్కకు వంచి, చెవి తమ్మెను మెల్లగా లాగి నీటిని దిగనిచ్చి, మెత్తని గుడ్డతో బయట మాత్రమే తుడవవలెను. పుల్లలు, పిన్నులు పెట్టరాదు. తడి చెవిలో నూనె పోయరాదు. నొప్పి, దురద, చీము కనిపిస్తే గృహవైద్యం చేయక వైద్యునికి చూపవలెను. ఈదేటప్పుడు పిక్క పట్టేస్తే భయపడక వెల్లకిలా తేలి, కాలు చాచి, పాదం వ్రేళ్ళను ముఖం వైపు లాగితే పట్టు సడలుతుంది. భుజంలో సలుపు కాక గుచ్చినట్టు నొప్పి వస్తే ఈత ఆపవలెను. రెండు మూడు రోజుల విశ్రాంతితో తగ్గకపోతే వైద్యుని సంప్రదించవలెను.

గుండెజబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు, నలభై దాటి కొత్తగా ఆరంభించేవారు ముందుగా వైద్యుని అనుమతి తీసుకొనవలెను. ఎంత నేర్పు వచ్చినా ఒంటరిగా ఈదరాదు. వేగ సాధన కాపలా ఉన్న కొలనులోనే చేయవలెను. కాలువలు, చెరువులు, బావులు దానికి తగిన స్థలాలు కావు.

ముగింపు

పన్నెండవ వారం చివరి రోజున మా అమ్మాయి లెక్క వ్రాసింది. 24 బారలు, 36 సెకన్లు. మొత్తం 60. గట్టు చేరిన తర్వాత ఆమెతో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగాను. అంతకంటే నాకు సంతోషం కలిగించినది మరొకటి ఉంది. మొదటి వారాలలో ఆమె నేను ఈదినంతసేపూ గట్టు అంచున నిలబడే ఉండేది. నాటికి బల్ల మీద కూర్చొని, తీరికగా తన పుస్తకం చదువుకొంటూ, గోడ తాకినప్పుడు మాత్రం తల ఎత్తి గడియారం చూస్తున్నది.

ఆ పదేళ్ళ బాలుడు ఇప్పటికీ నన్ను దాటిపోతూనే ఉంటాడు. వాడు దాటినప్పుడల్లా నేను గాలి సరిగా విడుస్తున్నానా లేదా అని ఒకసారి చూసుకొంటాను. పాఠకులు కూడా తొందర విడిచి, శక్తిలో సగం చేతిలో ఉంచుకొని, వారానికి ఒక్క బార తగ్గించుకొంటూ సాధన చేయవలసిందిగా కోరుతున్నాను. మొదటి వారంలో వేగం మాట మరచి, గోడను నెట్టి ఎంత దూరం జారగలరో చూడండి. సాధన అక్కడ మొదలవుతుంది.